చెంబెడు సముద్రం

కరెంటు పోతే ఈ ఇంట్లో నా కుడిచేయే మోటారు. చెంబు ముంచడం, మూరెడు ఎత్తుకు లేపడం, సన్నటి ధారగా మళ్లీ అదే నీళ్లలో పోయడం, మళ్లీ ముంచడం. గాజుతొట్టిలో నీళ్లు కదలకుండా నిలబడితే వాటిలోకి గాలి పోదు, గాలి పోకపోతే చేపకు ఊపిరాడదు, కాబట్టి పోస్తూ ఉండాలి, కరెంటు వచ్చేదాకా పోస్తూనే ఉండాలి. ఇన్వర్టర్ పొద్దునే చేతులెత్తేసింది, దానికి చార్జింగ్ ఎక్కేంతసేపు కరెంటు ఉంటే కదా. సెల్లులతో నడిచే బుడగల మిషన్ నిన్ననే మూలబడింది. ఆదివారం మధ్యాహ్నం, ఏప్రిల్ ఎండ, కోదాడ మొత్తం తలుపులు వేసుకుని పడుకుంది, వీధిలో కుక్క కూడా లేదు, నేను మాత్రం చున్నీ నడుముకు బిగించి, స్టూలు మీద కూర్చుని, ఉప్పునీళ్లకు అభిషేకం చేస్తున్నాను. ఎవరైనా చూస్తే పిచ్చిదనుకుంటారు. అలా అనుకోవడానికైనా చూసేవాళ్లు ఒకరుండాలి కదా.

తొట్టిలో ఉన్నది ఒకే ఒక్క చేప. నారింజరంగు ఒంటి మీద తెల్లని పట్టీలు, నా బొటనవేలంత ఉంటుంది. గాజు మూలకు చేరి నోరు తెరుస్తూ మూస్తూ నన్నే చూస్తోంది, నన్నే చూస్తోందని నేను అనుకుంటున్నాను, అది ధార పడే చోటును చూస్తోందేమో. ఉండవే, పోస్తున్నా కదా, తొందరపడితే ఎలా. యోహాను ఇప్పుడే ఫోన్ చేశాడు. యోహానుది విజయవాడ, చేపలూ తొట్లూ అమ్ముతాడు, నాకు ఈ తొట్టి అంటగట్టింది అతనే, అంటగట్టాడని అనకూడదు, నేనే వెళ్లి అడిగి తెచ్చుకున్నాను. చెన్నైలో సరుకు కొనడానికి వెళ్లాడట. "మేడమ్, హోల్‌సేల్ షాపులోనే ఉన్నానండి. ఏం తెమ్మంటారో చెప్పండి, సాయంత్రం బండెక్కేస్తాను, మళ్లీ వానాకాలందాకా ఇటు రాను. స్కిమ్మర్ మిషన్ తేనా, రాళ్ల పద్ధతి పెట్టుకుంటారా?" జరసేపాగి చెప్తానన్నాను. ఊరుకున్నాడా, లేదు, ఇంకో మాట వేశాడు. "మీరు ఆ ఇంట్లోనే ఉండేట్టయితే రాళ్లండి. కదిలేట్టయితే మిషనే. రాళ్లతో కుదురుకున్న తొట్టిని కదిలిస్తే మొత్తం పోద్ది, ముందే చెప్తున్నా." నీళ్లు వడగట్టే సంగతి అడగరా నాయనా అంటే, నేను ఎక్కడ బతకాలో అడుగుతున్నాడు.

అదే సంగతి నా తమ్ముడు జితేందర్ కూడా వారం నుంచి అడుగుతున్నాడు. మిర్యాలగూడలో ఇల్లు కట్టుకున్నాడు, పైన ఒక గది వేశాడు. "అక్కా, రూము నీకే అని ఏపిచ్చిన. వాడపల్లి దిక్కు గూడ సిమెంటు కంపెనీలు ఉన్నయి గదా, గాడ నీకు ల్యాబుల నౌకరి దొరకదా? ఒక్కదానివే కోదాడల ఏం చేస్తవ్? నువ్వు రానంటే కిరాయికిస్త, ఆదివారం దాంక ఆగుతా." మంచివాడే, మనసులో ఏమీ ఉండదు. వాడి భార్య లత కూడా మంచిదే, నాకు కంచం పెట్టి పక్కనే కూర్చుంటుంది. అమ్మ కూడా ఇప్పుడు అక్కడే ఉంటోంది. నాయన పోయాక నేరేడుచర్ల దగ్గరి మా ఊళ్లో గొర్రెలు అమ్మేసి, రెండు మేకల్ని మాత్రం పట్టుకుని వాడింటికి వచ్చేసింది. అందరూ అక్కడే ఉన్నారు. మరి నాకేం రోగం? వెళ్తే సరిపోతుంది. మిషన్ తెమ్మంటే సరిపోతుంది. సంచిలో పెట్టుకుని పోవచ్చు, పైగదిలో పెట్టుకోవచ్చు, పిల్లలు వచ్చి గాజు మీద కొడుతూ ఆడుకుంటారు. ముంచు, లేపు, పొయ్యి.

మొదట యోహాను ఇచ్చింది స్పాంజి. నీళ్లను లాగి స్పాంజిలోంచి పంపిస్తుంది, చెత్త అందులో ఇరుక్కుంటుంది. ఇల్లు ఊడ్చి చెత్తంతా తలుపు వెనక పోగు పెట్టినట్టు, కంటికి కనిపించదు గానీ ఇంట్లోనే ఉంటుంది, కుళ్లుతూ ఉంటుంది. చేపల తొట్టిలో అసలు విషం కంటికి కనిపించేది కాదు, చేప విసర్జించింది నీళ్లలో కరిగి పుట్టేది, అది తేరిన నీళ్లలో కూడా ఉంటుంది, నాకు తెలియాలి కదా, రోజంతా ల్యాబులో కూర్చుని చేసేది అదే పని. మేళ్లచెరువు సున్నపురాయి పొడిచేసి, యాసిడ్‌లో వేసి, బుసబుసా పొంగుతుంటే చూస్తూ, అందులో సున్నం ఎంతుందో లెక్కగట్టడం. తెలిసి కూడా స్పాంజి పెట్టుకున్నాను. స్కిమ్మర్ అలా కాదు, నీళ్లలోకి సన్నని బుడగలు ఊది నురగ లేపుతుంది, మాంసం ఉడికేటప్పుడు పైకి తేలే నురగను గంటెతో తీసి పారేసినట్టు మురికిని కుళ్లకముందే బయటికి తోసేస్తుంది. బాగానే ఉంటుంది. కరెంటు ఉంటే. కరెంటు లేకపోతే అదీ నాలాగే చెంబు పట్టుకోవాల్సిందే.

రాళ్ల పద్ధతి వేరు. అదొక సంసారం. తొట్టిలో బొరియలున్న రాళ్లు పేర్చాలి, ఆ బొరియల్లో కంటికి కనపడని జీవాలు కాపురం పెట్టాలి, చేప మురికిని అవి తిని బతకాలి. సముద్రంలోంచి రాళ్లు తీసుకురావడం మన దేశంలో నేరం, అది సరే, రాళ్లు నేనే చేసుకోలేనా, సిమెంటు కంపెనీలో పనిచేస్తూ? సిమెంటు, కోళ్ల దాణా కొట్లో దొరికే ఆల్చిప్పల రవ్వ, దొడ్డు ఉప్పు కలిపి ముద్దలు చేశాను. ఎండిన ముద్దల్ని నీళ్లలో వేస్తే ఉప్పు కరిగిపోయి బొరియలు మిగులుతాయి. డాబా మీద డ్రమ్ములో నానబెట్టాను, సంక్రాంతికి ముందు నుంచీ నీళ్లు మారుస్తూనే ఉన్నాను, సిమెంటులోని సున్నం ఘాటు దిగాలి కదా, దిగకపోతే అదే చంపేస్తుంది. ఇప్పుడు దిగింది. ఇక కావలసింది గింజ ఒక్కటే, బాగా నడుస్తున్న వేరే తొట్టి నుంచి ఆ జీవాలు పట్టిన ఇసుక పిడికెడు. యోహాను అదే తెస్తానంటున్నాడు. తెచ్చి వేశాక నెలలు పడుతుంది. ఆ నెలలన్నీ కొత్త చేపను తేకూడదు, ఎక్కువ మేత వేయకూడదు, ఊరికే కూర్చుని చూడాలి. ఊరికే కూర్చుని చూడటం నాకు రాకనా? దాంట్లో డిగ్రీ పుచ్చుకున్నాను.

మా సీనియర్ కెమిస్టు ఒకసారి క్వారీ చూపిస్తూ ఇదంతా ఒకప్పుడు సముద్రం అడుగు అన్నాడు. ఆ రోజు ఎండలో గోతి అంచున నిలబడి కింద లారీలు చీమల్లా తిరుగుతుంటే చూశాను, ఎక్కడికి పోయాయి ఆ నీళ్లన్నీ అనిపించింది. ఆ సాయంత్రం కంపెనీ బస్సులో ఇంటికొచ్చి తాళం తీసి లైటు వేశాక ఈ గది కూడా అలాగే కనిపించింది, నీళ్లు దిగిపోయిన గొయ్యిలా. చదువు ఎక్కువైందన్నారు, తర్వాత వయసు ఎక్కువైందన్నారు, తర్వాత నోరు ఎక్కువైందన్నారు, పేరేమో ప్రశాంతి నోరేమో సూర్యాపేట బస్టాండు అన్నాడు ఒక పెళ్లిళ్ల పేరయ్య, ఏదో ఒకటి ఎక్కువవుతూనే ఉంది, ఇంట్లో మనుషులు మాత్రం తక్కువే. శనివారం సాయంత్రం బస్సు దిగేటప్పుడు డ్రైవర్‌తో వస్తానన్నా అంటాను, మళ్లీ సోమవారం పొద్దున బస్సెక్కుతూ మాట్లాడబోతే గొంతు బొంగురుపోయి ఉంటుంది. మధ్యలో వాడలేదు కదా మరి. ఇంట్లో ఊపిరి తీసేది ఇంకొకటుండాలని తెచ్చుకున్నాను ఈ చేపల్ని. రెండు తెచ్చాను. పెద్దది ఆడది, చిన్నది మగది. ఇప్పుడున్నది చిన్నది.

పెద్దది ఎలా పోయిందో ఎవరికీ చెప్పలేదు. యోహానుకు కూడా ఎండదెబ్బ అన్నాను, ఫిబ్రవరిలో ఎండేంటి మేడమ్ అన్నాడు, నీకెందుకయ్యా అన్నాను. పెద్దగట్టు జాతర అప్పుడు. లింగమంతుల స్వామికి మొక్కు చెల్లించి అమ్మ దురాజ్‌పల్లి నుంచి నేరుగా నా దగ్గరికి వచ్చింది, నాలుగు రోజులు ఉంటానంది. అమ్మ పేరు మణెమ్మ, ఆ పేరు పెట్టి పిలిచేవాళ్లు ఇప్పుడు లేరు. తొట్టి ముందు బాసింపట్టు వేసి కూర్చుని నోరు తెరుచుకుని చూసింది. "ఇవి ఎవల మందయే? గుర్తులు ఏసిండ్రు" అంది. మా వాళ్లు గొర్రెల వీపు మీద రంగు పూస్తారు, మందలు కలిసిపోతే ఎవరివో తెలియాలని, ఆ తెల్లపట్టీలు చూసి అదే అనుకుంది. నా మందే అమ్మా అన్నాను. ఎంత నవ్విందో. ఉప్పు పాకెట్టు చూసి ఇంకా నవ్వింది, "ఉప్పు కొనుక్కొచ్చి నీళ్లల్ల పారబోస్తున్నవా, గొర్లు నాకినా పుణ్యముంటుండె" అంది. ఉన్న ఆ మూడు రోజులూ ఈ ఇంట్లో ఎంత చప్పుడో, గిన్నెల చప్పుడు, దగ్గు, పక్కింటివాళ్లతో గోడ మీంచి ముచ్చట్లు. నేను ఫ్యాక్టరీ నుంచి వస్తే తాళం తీయాల్సిన పని లేదు, తలుపు తెరిచే ఉండేది. తాళంచెవి బ్యాగులో అడుగున ఎక్కడో పడిపోయి, ఆమె వెళ్లాక వెతుక్కోవాల్సి వచ్చింది.

మూడో రోజు తొట్టి నీళ్లు మసకబారాయి, బియ్యం కడిగిన నీళ్లలా. స్పాంజి మార్చినప్పుడు అలా అవుతుంది, రెండు రోజులు ఊరుకుంటే అదే తేరుకుంటుంది. నేను ఆ మాట చెప్పకుండానే డ్యూటీకి పోయాను. సాయంత్రం వచ్చేసరికి అమ్మ తొట్టి పక్కన నిలబడి ఉంది, కొంగు తడిసింది, మొహం వెలిగిపోతోంది. "సూడు బిడ్డా, ఎంత తేటగైనయో. పటిక దిప్పిన." ఎడమ కాల్వ నీళ్లు వానాకాలం ఎర్రగా వస్తే మా ఇంట్లో పటిక ముక్క తీసుకుని బిందెలో గుండ్రంగా తిప్పేది, ఒండ్రంతా అడుక్కు పోయేది, మేమంతా ఆ నీళ్లు తాగి పెరిగినవాళ్లమే. అదే చేసింది. నిజంగానే తేటగా ఉన్నాయి. అంత తేటనీళ్లు ఆ తొట్టిలో అంతకుముందు లేవు, తర్వాత రాలేదు, వెనక గోడ మీది సున్నం పెచ్చు కూడా కనిపించింది. ఆ తేటలో పెద్ద చేప అడుగున ఒక పక్కకు ఒరిగి ఉంది, గాజు మీది పాచి తింటాయని వేసిన నత్తలు చిప్పల తలుపులు బిగించుకున్నాయి, చిన్నది పైన నీటిమట్టానికి మూతి పెట్టి రొప్పుతోంది. "పెద్దదానికి నిద్రొచ్చినట్టుంది" అంది అమ్మ. నేనేమనాలి? తాగే నీళ్లకు మంచిది ఈ నీళ్లకు విషం అని చెప్పాలా, ఆ మొహం చూస్తూ? "మస్తు తేటగైనయే అమ్మా" అన్నాను. ఆమె రొట్టెలు చేస్తానని వంటింట్లోకి పోగానే పెద్దదాన్ని అరచేతిలోకి తీసి, పెరట్లో బంతి మొక్క కుండీలో పెట్టి, మన్ను కప్పాను. చిన్నదాన్ని కలిపి ఉంచిన మంచి ఉప్పునీళ్ల బకెట్‌లోకి మార్చి, పక్కన మోటారు పెట్టి, దానికి జలుబు చేసింది అన్నాను. చేపకు జలుబేంటని కూడా అడగలేదు అమ్మ. మర్నాడే వెళ్తానంది, నాలుగు రోజులన్నది మూడు రోజులకే. ఆ తర్వాత రానే లేదు. ఎన్నిసార్లు పిలిచినా మోకాళ్లంటుంది, మేకలంటుంది. నచ్చలేదేమో ఈ ఇల్లు. రోజంతా ఒక్కతీ కూర్చోవాలి మరి, ఎవరికి నచ్చుతుంది. నాకే నచ్చదు.

చేయి మారుద్దాం, ఎడమచేయి. ఎడమచేత్తో ధార సరిగ్గా పడదు, బయట చిందుతుంది, చిందిన చోట ఉప్పు తెల్లగా పేరుకుంటుంది. నీళ్లు వెచ్చబడుతున్నాయి, ఫ్రిజ్‌లోంచి చల్లనీళ్ల సీసా తెచ్చి తేలేశాను కానీ ఫ్రిజ్ కూడా చల్లబడితే కదా. మగది ఒంటరిగా మిగిలితే కొన్నాళ్లకు అదే ఆడది అవుతుందని యోహాను చెప్పాడు, ఈ చేపల్లో అంతేనట. అవుతావా నువ్వు? అయ్యాక ఏం చేస్తావు, ఇంకొకడిని తెమ్మంటావా? నాతో మాత్రం చెప్పకు. మిషనే తెమ్మంటాను. అవును, మిషనే. ఈ చెంబు పట్టుకుని ఇంకెన్ని ఎండాకాలాలు కూర్చుంటాను, పైగదిలో ఉంటే చేయి నొప్పెడితే అందుకోవడానికి ఇంకో చేయి ఉంటుంది, కింద గిన్నెల చప్పుడు వినిపిస్తుంది, అది చాలు, ఆ చప్పుడు నాది కాకపోయినా చాలు. ఫోన్ మోగుతోంది. యోహానే. కాదు, అమ్మ.

"ఏం చేస్తున్నవ్ బిడ్డా?"

"ఏం లేదే. కరెంటు లేదు. కూసున్న."

"తిన్నవా?"

తిన్నానన్నాను. తినలేదు. ఫోన్ భుజానికీ చెవికీ మధ్య ఇరికించి చెంబు ముంచాను.

"ఆ సప్పుడేంది, నీళ్లు పోస్తున్నట్టు?"

"చేపలకు గాలి పెడుతున్ననే. మిషన్ నడుస్తలేదు."

ప్రతిసారీ అమ్మ అడిగేది రెండూ మంచిగున్నయా అని, నేను చెప్పేది రెండూ మంచిగున్నయని. ఈసారి అడగలేదు. అటు నుంచి మేక గంట వినిపిస్తోంది. "ఒక్కదానికేనా?" అంది.

"రెండిటికి" అన్నాను.

"ప్రశాంతీ." పేరు పెట్టి పిలిచిందంటే ఇక ఆట కాదు. "నేను మందలు కాసినదాన్ని. పొద్దుగూకంగ దొడ్లకు తోలుకుంట కండ్లతోనే లెక్కపెట్టినదాన్ని. రెండిట్ల ఒకటి లేకపోతే నాకెరుక గాదా? వంటింటి కిటికీలకెళ్లి సూసిన. నువ్వు కుండీల మన్ను కప్పుతుంటివి. నేను దిప్పిన పటికతోనే గదా?"

చెంబును మళ్లీ కుడిచేతిలోకి మార్చుకున్నాను.

"నువ్వు నన్ను ఒక్క మాట అనకపోతివి. మస్తు తేటగైనయంటివి. నువ్వట్ల దాసినంక, నాకెరుకైందని నేనెట్ల చెప్పాలె? అందుకే ఊకున్న."

"అందుకేనా మల్ల రాకపోతివి?"

"ఏం మొఖం పెట్టుకొని వస్త? తెల్వక మల్ల ఏం జేస్తనో అని భయమాయె."

ఏడుపొచ్చింది. ఎందుకొచ్చిందో తెలుసు, దాచుకునేంత వింతేమీ కాదు. ఆ కుండీలో ఒక చేప ఉందని ఈ లోకంలో నాకొక్కదానికే తెలుసనుకున్నాను ఇన్నాళ్లూ, రోజూ పొద్దున ఆ బంతి మొక్కకు నీళ్లు పోస్తూ, ఒక్కదాన్నే పోస్తున్నాననుకుంటూ. మిర్యాలగూడలో మేకల పక్కన కూర్చుని ఇంకొకరు కూడా లెక్కపెట్టుకుంటూ ఉన్నారు. ఇద్దరం ఒకరి నుంచి ఒకరం దాచుకుని, ఆమె రాకుండా, నేను గట్టిగా రమ్మనకుండా. ఎంత పిచ్చివాళ్లమమ్మా. చెంబు ఆగిపోయింది, చేప పైకి వచ్చింది, మళ్లీ ముంచాను.

"తమ్ముడు రూము సంగతి అడుగుమన్నడు" అంది అమ్మ గొంతు సవరించుకుని. "నేను అడుగుతలేను. నువ్వొస్తే ఆ నీళ్లు ఏమైతయి?"

చెప్పాను, మిషన్ సంగతి, రాళ్ల సంగతి, డ్రమ్ములో నానుతున్న ముద్దల సంగతి. రాళ్లు కుదురుకోవాలంటే నెలలు పడతదని, కుదురుకుంటే ఇక ఈ ఇంట్లోంచి కదలరాదని.

"అప్పటిదాంక అది ఒక్కటే ఉండాల్నా?"

"ఒక్కటే ఉండాలె."

"ఉంటది తియ్యి. కనిపెట్టుకొని సూసేటోళ్లు ఒకలుంటే ఉంటది" అంది. మళ్లీ తనే, "నేనొస్తే నాకు పని చెప్పు. చెంబు ముంచుడు నాకు రాదా? పటిక ముట్ట" అంది.

ఫోన్‌లో కుయ్ కుయ్‌మని ఇంకో కాల్ వస్తున్న చప్పుడు, చూస్తే యోహాను. అమ్మను వదలబుద్ధి కాలేదు. తడి బొటనవేలితోనే మెసేజ్ కొట్టాను, రాళ్లే, ఇసుక తీసుకురా అని. కొట్టాక చేయి తేలికైంది, భయం మాత్రం అలాగే ఉంది. రేపు పొద్దున కూడా తాళం నేనే వేయాలి, నేనే తీయాలి, వచ్చే శనివారం కూడా గొంతు మూగబోతుంది. అమ్మ వచ్చినా నాలుగు రోజులే ఉంటుంది. అయినా సరే.

"ఫోను కట్ చెయ్యకు బిడ్డా. పక్కకు పెట్టి పొయ్యి. నేను వింట."

స్పీకర్ వేసి తొట్టి అంచున పెట్టాను. ముంచి, లేపి, పోశాను. "ఊఁ" అంది అమ్మ. చిన్నప్పుడు గొర్రెల దొడ్డి పక్కన పడుకుని ఆమె కథ చెబుతుంటే నేను ఊకొట్టేదాన్ని, ఆపితే నిద్రపోయాననుకుని ఆమె కూడా ఆపేసేది, అందుకని నిద్ర ముంచుకొస్తున్నా ఊకొట్టేదాన్ని. ఇప్పుడు నేను నీళ్లు పోస్తున్నాను, ఆమె ఊకొడుతోంది. పోశాను. ఊఁ. పోశాను. ఊఁ. చేప మూల వదిలి ధార కిందికి వచ్చింది.

నెత్తిమీద ఫ్యాను ఒక్కసారి మూలిగి తిరగడం మొదలైంది. వంటింట్లో ఫ్రిజ్ ఉలిక్కిపడింది. తొట్టి మోటారు గుర్రుమంది, స్పాంజిలోంచి నీళ్లు జలజలా దూకాయి.

"కరెంటొచ్చిందా బిడ్డా?"

"రాలే" అన్నాను.

ఫ్యాను గిర్రున తిరుగుతోంది. అది వినబడకుండా ఎలా ఉంటుంది ఆమెకు, మందలో ఒక గంట తక్కువ మోగినా పసిగట్టే మనిషికి.

"అయితే పొయ్యి" అంది అమ్మ.

చెంబు ముంచాను.

"ఊఁ" అంది.